అవ్వ గుంటలో తూటికూర

మా పక్కింటి అవ్వ పోయిన శుక్రవారం వేకువన నిద్రలోనే వెళ్లిపోయింది. ఆ మాట మా అత్తే వంటింటి దాకా వచ్చి నాకు చెప్పింది. అవ్వను తలచుకుంటే నాకు ఏడుపుకన్నా ముందు నవ్వు వస్తోంది. తప్పుగా అనుకోకండి, ఆమె అలాంటి మనిషి.

మేముండేది శ్రీకాళహస్తిలో. వీధి కుళాయి దగ్గర వృథా అయ్యే నీళ్లన్నీ అవ్వ పెరట్లోని గుంటలోకి చేరేవి. అందులో తూటికూర పెంచేది. తెలియనివాళ్లకు చెబుతాను. అది నీళ్లలో పాకే ఆకుకూర. కాడ లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, కణుపు కణుపుకూ వేళ్లు దిగుతాయి.

నేను సత్యవేడు వైపు నుంచి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నా నోరు పెగిలేది కాదు. అత్త ఏమడిగినా తల ఊపేదాన్ని. "మాకు మూగకోడలు దొరికింది" అని ఆమె నవ్వుతూనే అనేది. కానీ ఈ ఇంట్లో నా మాటకు ఎప్పటికీ చోటు ఉండదేమోనని నాకు దిగులుగా ఉండేది. అవ్వ మాత్రం గోడ మీంచి పిలిచేది: "ఏమ్మే, ఈడికి రా. మాట్లాడొద్దులే, కూర కోద్దువు."

ఆమె కత్తి పట్టేది కాదు. బొటనవేలి గోటితో కొస తుంచేది, తర్వాత వేళ్లు వాసన చూసుకునేది. "సూడు, తల తుంచినాను కదా, కిందుండే కణుపులకు ఇప్పుడు తెలివొస్తాది. పక్కల్నించి రెండు కొమ్మలు లేస్తాయి." నిజంగానే లేచేవి. నీళ్లలోని కాడలు సన్నగా పొడుగ్గా, గట్టు మీదవి పొట్టిగా గుబురుగా ఉండేవి. ఎందుకలా అని కళ్లతోనే అడిగాను. "నీళ్లలో దాన్ని మోసేదానికి నీళ్లుండాయి. గట్టుమీదిది దానికదే నిలబడాల కదా!"

పక్కనే సిమెంటు తొట్టిలో కలువ ఉండేది. దాని మొదలు బురదలోనే పొట్టిగా ఉంటుందని, ఒక్కో ఆకూ అక్కడి నుంచే పొడుగు కాడతో పైకి వస్తుందని అవ్వ చెప్పి, నా చెయ్యి నీళ్లలో ముంచి తడిమించింది.

ఒక సాయంత్రం మా అత్త పూజకు పువ్వులు చాలడం లేదని ఆ తొట్టి దగ్గరికి వచ్చింది. అవ్వ లోపల సంగటి కెలుకుతోంది. తూటికూరను తుంచితే గుబురవడం అత్త చూసింది కదా, కలువనూ తుంచితే పువ్వులు ఎక్కువొస్తాయని మోచేతి దాకా నీళ్లలో పెట్టి నడిమి మొలకను పట్టుకుంది.

"అత్తా! తుంచొద్దు! దానికి కొమ్మలు రావు!"

కుళాయి దగ్గరి ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. అరిచింది నేనేనని నాకే ఆలస్యంగా తెలిసింది. అవ్వ తెడ్డు పట్టుకునే బయటికి వచ్చి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏమ్మే, నీ కోడలు మూగదంటివే!"

"ఇంత గొంతు యాడ దాచిపెట్టినావే?" అంది అత్త నాతో. తర్వాత చెయ్యి నీళ్లలోనే ఉంచి, నెమ్మదిగా అడిగింది. "కొమ్మల్లేకుంటే మరి ఆకులు యాడ్నించి వస్తాయి?"

ఆ ప్రశ్న ఆమె నిజంగా నా దగ్గర తెలుసుకోవాలని అడిగింది. చెప్పాను. చీకటి పడేదాకా చెప్పాను. సంగటి అడుగంటింది. ముగ్గురం అదే తిన్నాం.

మొన్న అవ్వ చిన్నకర్మకు వచ్చిన ఆడవాళ్లు ఆమె గుర్తుగా తూటికాడలు అడిగారు. ఒకామె వేళ్లతో సహా లాగబోయింది.

"ఉండుమ్మా, మా కోడల్ని అడుగు. ఎట్ల తియ్యాల్నో అది చెప్తాది," అంది అత్త.

నేను చీర దోపుకుని గుంటలోకి దిగాను. ఎక్కడ తుంచాలో, ఇంటికెళ్లి బురదలో ఎలా పడుకోబెట్టాలో అందరికీ వినబడేలా చెప్పాను. తడికాడలు చంకలో పెట్టుకుని వాళ్లు వెళ్లిపోతుంటే, సిమెంటు రోడ్డు మీద నీటిచుక్కల బారు ఒకటి మలుపు దాకా సాగి, అక్కడ ఎవరి ఇంటివైపు వాళ్లకు పాయలుగా చీలిపోయింది.