డబ్బా మీద నా పేరు

కొవిడ్ తగ్గి కాలేజీలు మళ్లీ పూర్తిగా తెరిచిన ఏడాది. నేను యూనివర్సిటీలో సెల్ బయాలజీ చెబుతూ క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తున్నాను. మాది ఆత్మకూరు. ఉదయగిరి కొండల్లో దొరికే ఒక ఆకు రసం క్యాన్సర్ కణాలను చంపుతుందని అంతకు కొన్నేళ్ల ముందు ఒక పేపర్ రాశాను. ఆ ఆకు పేరు ఇక్కడ రాయను. ఒకరి పేపర్‌ను మరొకరు తమ పేపర్‌లో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. మా గౌరవం, ప్రమోషన్ చాలావరకు వాటి మీదే నడుస్తాయి. నాకు ఎక్కువ సైటేషన్లు తెచ్చింది ఆ పేపరే.

ఒక మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడుతున్న అమ్మాయి పేరు సుజాత, సీతారామపురం దగ్గర పల్లె.

“మేడం, మీ మందు అమ్మకు దినమూ రెండు చెంచాలు ఇస్తా ఉండాము. గడ్డ తగ్గలా. ఇంకో చెంచా పెంచేదా?”

“నా మందేంది?” అన్నాను.

నా నంబరు ఇస్తే ఆమె ఫోటో పంపింది. ఆకు పొడి డబ్బా. దాని మీద నా పేరు, ‘క్యాన్సర్ కణాలను చంపుతుంది, ఎందరో శాస్త్రవేత్తలు ఉదహరించారు’ అన్న మాటలు. ‘ల్యాబ్‌లో పెంచిన కణాలను మాత్రమే’ అని నేను రాసిన ముక్క లేదు. సుజాత వాళ్లమ్మ రమణమ్మకు రొమ్ము క్యాన్సర్ అని వేసవిలోనే తేలింది. డాక్టర్లు వెంటనే రమ్మన్నా వెళ్లకుండా ఈ పొడి పట్టుకుంది. అప్పటికి వానలు మొదలయ్యాయి.

మర్నాడే బయలుదేరాను. ఉదయగిరిలో దిగి, బస్సు కోసం ఆగలేక ఆటో మాట్లాడుకున్నాను. జబ్బు ఇప్పటికే ఒళ్లంతా పాకి ఉంటే? దారి పొడవునా అదే భయం.

రమణమ్మ వసారాలో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు.

“మా తోడికోడలు ఇదే జబ్బుకు ఆస్పత్రిలో ఆ సూదులు వేయించుకునే చచ్చిపోయింది. నేను ఆడికి పోను. నీ మందు బాగుండాది” అంది.

“అది మందు కాదక్కా. గాజు గిన్నెలో కణాల మీద పోసి చూసినాను. చిక్కటి ఉప్పునీళ్లు పోసినా అవి చస్తాయి. మనిషి ఒంట్లో ఏమవుతుందో ఎవరూ చూడలా.”

“అంతమంది చదువుకున్నోళ్లు ఒప్పుకున్నారంట గదా?”

“నా పేపర్ మాట ఎత్తినారు, అంతే. వాళ్లలో ఒక్కరూ ఆ పొడి తినలా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. “నీకే ఈ జబ్బొస్తే?”

“ఆస్పత్రికి పోతాను.”

“నీ మందు నువ్వే తినవా?”

“తినను.”

సుజాత గోడవైపు తిరిగి ఏడుస్తోంది. చివరికి రమణమ్మ, “అట్లయితే నెల్లూరికి నువ్వూ రా. నువ్వు పక్కనుంటే పోతా” అంది.

నెల్లూరులో స్కాన్ తీశారు. ఫలితం కోసం కూర్చున్నంతసేపూ నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. జబ్బు చంకలోని గ్రంథుల దాకా పాకింది, ఊపిరితిత్తులకు, కాలేయానికి ఇంకా చేరలేదు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు డాక్టరు.

నర్సు సూది తేగానే రమణమ్మ చెయ్యి వెనక్కు లాక్కుంది.

“ఇది కూడా గిన్నెలో చూసి రాసిందేనా?”

“మొదలు అక్కడే అక్కా. ఆ తర్వాత ఏండ్ల తరబడి మనుషుల మీద చూసినారు. బతికినోళ్లెంతమందో, పోయినోళ్లెంతమందో లెక్కగట్టినాకే ఇస్తా ఉండారు.”

ఆమె కళ్లు మూసుకుని చెయ్యి చాచింది.

ఆపరేషన్ అయింది. ఇప్పటికీ చెకప్‌లకు వెళ్తూనే ఉంది. పూర్తిగా పోయిందని డాక్టర్లు ఇంకా అనలేదు. నేను ఫిర్యాదు చేశాక డబ్బా మీద నా పేరు తీసేశారు. పొడి మాత్రం అమ్ముతూనే ఉన్నారు.

నా విద్యార్థులు మంచి ఫలితం తెచ్చి చూపిస్తే, దీన్ని సగమే చదివినవాళ్లు ఏం చేస్తారో ముందు ఆలోచించమంటున్నాను. మా పేపర్లు చదివేది తోటి శాస్త్రవేత్తలేనని అనుకునేదాన్ని. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు కూడా వాటిలోని మాటను నమ్ముకుంటారని ఆ వసారాలో తెలిసింది.