పెళ్ళిభోజనానికి ముందు ప్రెసిడెంట్లు

తన పెళ్ళి రిసెప్షన్‌లో వాళ్ళ నాన్నే మాట్లాడాలని మా అమ్మాయి అన్న రోజు నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. మా చాండ్లర్ ఊళ్ళో తెలుగువాళ్ళ ఉగాది అయినా, దీపావళి అయినా మైకు నా చేతిలోనే ఉంటుంది. డాన్సు పిల్లల పాట సమయానికి మోగకపోతే ఏవో కబుర్లు చెప్పి జనాన్ని కూర్చోబెట్టేది నేను. మా ఆయన వెనక వరసలో కుర్చీలు సర్దుతుంటారు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ మాట ఆయన్ని చూశాకే పుట్టిందేమో.

ఆయన కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో పాతికేళ్ళ పైగా పనిచేస్తున్నారు. లోపలికి వెళ్ళాలంటే తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సూటు, మొహానికి ముసుగు. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. దుమ్ము రేగకుండా అందరూ మెల్లగా నడవాలి, వీలైనంత తక్కువ మాట్లాడాలి. దేవుడు ఆయన కోసమే ఆ ఉద్యోగం సృష్టించాడని నేను మా స్నేహితులతో అంటూ ఉంటాను.

"అమ్మా, నువ్వు బాగా మాట్లాడతావ్, ఐ నో," అంది మా అమ్మాయి. "కానీ నాన్న మాట్లాడాలి. నాన్న హ్యాపీయా కాదా నాకు ఇంకా తెలీదు. అది నాకు వినాలనుంది."

దానికి అలా అనిపించడంలో తప్పు లేదు. అంతకు ఏడాది ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, తను ఇల్లినాయ్ అబ్బాయిని చేసుకోవాలనుకుంటున్నట్టు చెప్పింది. అబ్బాయి తెల్లవాళ్ళబ్బాయి. నేను పది ప్రశ్నలు వేశాను, రెండుసార్లు ఏడ్చాను, చివరికి దాన్ని కౌగిలించుకున్నాను. ఆయన మాత్రం చెయ్యి కడుక్కుని, "సరే" అని, కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. చేతిలో కొత్తిమీర కట్ట. ఇంట్లో అప్పటికే బోలెడు కొత్తిమీర ఉంది. ఆయన ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ "సరే"కి అర్థం ఏమిటో మా అమ్మాయి ఏడాది పాటు మనసులో తిప్పుకుంటూనే ఉంది.

అలాగని పనుల్లో వెనకాడారా అంటే, అదీ లేదు. హాలు చూసి రావడం, గుడిలో పంతులుగారితో మాట్లాడడం, వంటవాళ్ళని కుదర్చడం, అన్నీ ఆయనే చేశారు. అతిథుల పేర్లు అనుకునేటప్పుడు ఆయన నోరు తెరిచి అడిగింది ఒకే ఒక్కటి, ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర ఉండే ఆయన్ని పిలవాలని. వారానికోసారి కూరగాయలు తూచి ఇచ్చే మనిషి పెళ్ళికి ఎందుకని నేను గొణిగాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. సరే కానిమ్మని పిలిచాం.

పెళ్ళికి కొన్ని నెలల ముందు వియ్యాలవారు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. అబ్బాయి తండ్రి, తల్లి, ఎనభై దాటిన నాయనమ్మ. ఈ రోజుల్లో ఈ దేశంలో నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చుంటే రాజకీయాలు ఎత్తడానికి లేదు. అన్నదమ్ములు కూడా మాటలు మానేస్తున్నారు. అబ్బాయి ఫోన్లోనే మమ్మల్ని హెచ్చరించాడు, వాళ్ళనీ హెచ్చరించాడట. తీరా కూర్చున్నాక వాతావరణం గురించీ, పప్పు గురించీ మాటలు అయిపోయాయి. అప్పుడు వియ్యంకుడుగారు తెలివిగా ఒక ఆట మొదలుపెట్టారు. పార్టీల ఊసు ఎత్తకుండా, పాలన మంచిదా చెడ్డదా అనకుండా, పాత ప్రెసిడెంట్లలో ఎవరికి ఎక్కువ కరిష్మా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి.

నాకు ఇంతకన్నా ఏం కావాలి? సినిమాల్లోంచి వచ్చినాయన తన మీద తనే జోకు వేసుకుని ఎదుటివాళ్ళ కోపాన్ని ఎలా కరిగించేవాడో అభినయించి మరీ చూపించాను. వియ్యంకుడుగారు ఆ చిన్న వయసులో గద్దెనెక్కిన అందగాడి పేరు చెప్పారు. ఆయన తల ఎగరేస్తే చాలు, జనం ఊగిపోయేవారట. వియ్యపురాలు మాటకీ మాటకీ మధ్య ఆగి, సభ మొత్తాన్ని ఊపిరి బిగబట్టించే ఒకాయన్ని తలుచుకుంది. మా అమ్మాయి, గడ్డం పెంచుకున్న ఆ పొడుగాటి పాతకాలపాయన అంది. అందం లేదు, గొంతూ గొప్పది కాదంటారు, అయినా మనసులోంచి పోడు కదా అంది.

మా ఆయన వంతు వచ్చింది. అందరూ చూస్తున్నారు. నేను బల్ల కింద కాలితో తట్టాను. రేడియోలో మాట్లాడినాయన, అన్నారు. ఎందుకని అడిగితే, "మొహం కనిపించదు కదా," అన్నారు. అంతా నవ్వారు. ఆయన జోకు వేయలేదని నాకొక్కదానికే తెలుసు.

చివరికి నాయనమ్మ చెప్పింది. పడుచు పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ ఊరి రైల్వేస్టేషన్‌లో జనంలో నిలబడి ఉంటే, ఒక ప్రెసిడెంటు ఆమె చెయ్యి పట్టుకుని పలకరించాడట. ఎవరని మేం ఎంత అడిగినా చెప్పలేదు. చెబితే మీరు వెంటనే ఏ పార్టీ అని చూస్తారు అంది.

"ఆయన ఏమన్నాడో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు," అంది ఆవిడ. "నా చెయ్యి పట్టుకున్నంతసేపూ ఆ మనిషికి వేరే పని లేదు. అది గుర్తుంది."

వాళ్ళు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, ఆవిడకి కోటు తొడుగుతూ, ఆ ప్రెసిడెంటు కళ్ళు ఏ రంగని అడిగారు మా ఆయన. ముసుగుల మధ్య బతికే మనిషికి అంతకన్నా ఏం ప్రశ్న తడుతుంది? బూడిదరంగు అంది ఆవిడ. ఇన్నేళ్ళలో ఎవరూ తనని ఆ మాట అడగలేదని కూడా అంది.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో శిక్షణ మొదలైంది. నేను ప్రసంగం రాశాను. రెండు జోకులు, ఒక చిన్ననాటి ముచ్చట, చివర్లో గ్లాసు ఎత్తి ఆశీర్వాదం. వారాంతం మధ్యాహ్నాలు ఆయన్ని టీవీ ముందు కూర్చోబెట్టి ఆ పాత ప్రెసిడెంట్లందరి వీడియోలూ చూపించాను. చేతులు చూడండి, నవ్వు చూడండి అని పక్కన నిలబడి చెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా చూసేవారు, లేచి నిలబడి చదివేవారు. అందగాడి నవ్వు ఆయన మొహాన పెడితే పంటి నొప్పిలా ఉంది. మధ్యలో ఆగమంటే, ఆగిన చోటునుంచి మళ్ళీ కదలరు. ఆ విరామం చూస్తే జనం అంబులెన్స్‌కి ఫోన్ చేస్తారని విసుక్కున్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ సామెత నమ్ముకునే నేను ఈ దేశంలో ఇంతమందిని సంపాదించుకున్నాను. ఈ మనిషికి అందులో పిసరంతైనా అంటించలేకపోయానే అని ఆ రోజుల్లో చాలా దిగులు పడ్డాను. అసలు భయం అది కూడా కాదు. ఆయన మైకు ముందు తడబడితే జనం నవ్వుతారు, నవ్వితే నవ్వనీ. మా అమ్మాయి మాత్రం, నాన్నకి ఇష్టం లేదు కాబట్టే మాట రాలేదనుకుంటుంది. అలా అనుకునే కాపురానికి వెళ్తుంది. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

పెళ్ళి పొద్దున్నే గుడిలో అయింది. కాళ్ళు కడిగేటప్పుడు, పంతులుగారి వెంట మంత్రం చెప్పేటప్పుడు ఆయన గొంతు స్పష్టంగానే ఉంది. వేరేవాళ్ళ మాటలైతే బాగానే చెబుతారు. మధ్యాహ్నం హాల్లో రిసెప్షన్. గుండ్రటి బల్లలు, బల్లకి పదిమంది. వంటవాళ్ళు గారెలూ, బూరెలూ, పులిహోరా బల్లల దగ్గరికే తెచ్చి వడ్డించడం మొదలుపెట్టారు. అప్పుడు మైకు మా ఆయన చేతికి వచ్చింది.

నేను ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. మా అమ్మాయి ముందుకి వంగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన కాగితం తియ్యలేదు. అందరికీ ఇంగ్లీషులో నమస్కారం చెప్పారు. తర్వాత, "మా వైపు పెళ్ళిలో అమ్మాయి తండ్రి మాట్లాడడు. అందరూ తిన్నారో లేదో చూస్తాడు," అన్నారు. మైకు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. వంటవాళ్ళ దగ్గర గారెల పళ్ళెం అందుకుని మొదటి బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మా పెళ్ళిలో మా నాన్న కూడా అలాగే తిరిగారు, నిజమే. కండువా నడుముకి చుట్టుకుని బంతి బంతికీ వెళ్ళి, పప్పు అందిందా, నెయ్యి వేశారా అని కొసరి కొసరి అడిగేవారు. కానీ ఇది చాండ్లర్, వీళ్ళు ప్రసంగం కోసం ఫోర్కులు కింద పెట్టి మరీ ఎదురు చూస్తున్నారు. పాటలు పెట్టే అబ్బాయి నావైపు చూసి, ఏం చెయ్యమంటారని సైగ చేశాడు. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. తల దించుకుని పూలదండ సర్దుకుంటోంది. మైకు నా ముందే ఉంది. లేచి, నేను రాసిన ప్రసంగం నేనే చెప్పేద్దామని చెయ్యి చాచాను కూడా.

అప్పుడు మొదటి బల్ల నుంచి పెద్ద నవ్వు వినిపించింది. చూస్తే, మా ఆయన ఒక తెల్లావిడ పక్కన వంగి ఏదో చెబుతున్నారు. చెబుతున్నారు! ఆవిడ గారె చేత్తో పట్టుకుని తినడం మరిచిపోయి వింటోంది. అక్కడ అయ్యాక పక్క మనిషి దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ వంగారు. ఫ్యాక్టరీలో నడిచినట్టే మెల్లగా, ఎక్కడా తొందర లేకుండా, ఒక్కొక్కరి కళ్ళల్లోకి చూస్తూ. నా చెయ్యి మైకు మీదే ఉండిపోయింది.

కాసేపటికి మొదటి బల్ల దగ్గరి ఆవిడ లేచి మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. నువ్వు చిన్నప్పుడు ఆకలేసినా అడగకుండా ఫ్రిజ్ పక్కన నిలబడేదానివట కదా, ఆ పోలిక తనదేనని మీ నాన్న అన్నారు అని నవ్వి వెళ్ళింది. ఇంకొకాయన వచ్చి, మొదటిసారి కారు నడిపినప్పుడు నువ్వు భయపడకూడదని మీ నాన్న పక్కసీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నారట అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. ఎవరికి చెప్పింది వాళ్ళు తెస్తున్నారు. అందులో సగం నాకే తెలియదు. మా అమ్మాయి ఒక్కొక్కరి మాటా వింటూ, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ మా ఆయన ఏ బల్ల దగ్గర ఉన్నారో వెతుకుతోంది.

చివరికి నాయనమ్మ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి దాని పక్కన కూర్చుంది. నువ్వు పెళ్ళి మాట చెప్పిన రోజు మీ నాన్న ఎక్కడికి వెళ్ళాడో తెలుసా అని అడిగింది. తెలియదంది మా అమ్మాయి. కూరల కొట్టుకి, అంది ఆవిడ. ఎవరికైనా చెప్పకుండా ఉండలేక వెళ్ళాడట. చెప్పాక ఊరికే వచ్చెయ్యడం బాగుండదని ఒక కట్ట ఆకు కొన్నాడట.

మా అమ్మాయి నావైపు చూసింది. కొత్తిమీర. నాకూ అప్పుడే తెలిసింది, ఆ కౌంటర్ ఆయన్ని ఎందుకు పిలిచారో. పిల్ల పెళ్ళిచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చివరి బల్ల దగ్గరికి దాదాపు పరిగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను.

"అంకుల్, ఆ రోజు నాన్న మీకు ఏం చెప్పారు?"

ఆయన గాభరాగా లేచి నిలబడ్డాడు. "ఎక్కువ చెప్పలేదమ్మా. మా అమ్మాయికి పెళ్ళి కుదిరిందన్నారు. అబ్బాయి పేరు చెప్పేటప్పుడు దాని మొహం మీరు చూడాల్సిందండీ అన్నారు. ఆ మాటే మూడుసార్లు అన్నారు. వెనక లైన్లో జనం ఉన్నారు, అయినా ఆగాను."

అంతలో మా ఆయన ఆ బల్ల దగ్గరికి వచ్చారు. పళ్ళెంలో ఇంకో నాలుగు గారెలు మిగిలి ఉన్నాయి. మా అమ్మాయిని చూసి, కౌంటర్ ఆయన్ని చూసి, ఏం జరిగిందో అర్థమై, దొరికిపోయిన దొంగలా నిలబడిపోయారు. మా అమ్మాయి అతిథుల బల్ల మీంచి ఖాళీ ప్లేటు ఒకటి తీసుకుని రెండు చేతులతో ఆయన ముందుకి చాచింది.

"నాకూ వెయ్యి నాన్నా. నేనింకా తినలేదు."

ఆయన ఒకటి వేశారు. రెండోది ప్లేటు అంచున పడింది. మా అమ్మాయి ప్లేటుతో పాటే ఆయన్ని వాటేసుకుంది, గారె ఆయన సిల్కు లాల్చీకి నూనె మరక చేసింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు, నన్ను పోగొట్టనివ్వరు కూడా.

నా కోపం మాత్రం చల్లారలేదు. ఆ మాట ఇంట్లో చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా, ఏడాదికి పైగా పిల్లని ఏడిపించారు అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాను. అది పెళ్ళి మాట చెప్పిన రోజు ఆయన తెచ్చిన కొత్తిమీరని, అక్కర్లేనిది ఎందుకు తెచ్చారో అని తిట్టుకుంటూ పచ్చడి నూరాను. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ పచ్చడి తిన్నాం. ఆయన రెండోసారి వేయించుకున్నారు.