కోతల మేడమ్, నా పదిహేను లక్ష్యాలు

మా స్కూల్లో సైన్సు చెప్పే పెద్ద టీచరుగారిని అందరూ కోతల మేడమ్ అంటారు. గొప్పలు కోసే మనిషి అనుకునేరు. తన గురించి ఆవిడ ఇరవై ఆరేళ్లలో ఒక్క ముక్క చెప్పుకోలేదు. ఆవిడ కోసేదల్లా ఎదుటివాళ్లు రాసినవే. చేతికి కాగితం అందితే చాలు, జుట్టు ముడిలో గుచ్చుకున్న పెన్సిల్ తీసి అడ్డంగా గీసేస్తారు. డ్రిల్లు మాస్టారు జ్వరం, కడుపునొప్పి, కళ్లు తిరగడం అని సెలవుచీటీ రాస్తే, "ఒక రోజు సెలవుకి ఒక జబ్బు చాలు" అని రెండింటిని కొట్టేశారు. అటెండరు తన కూతురి శుభలేఖ అచ్చుకిచ్చే ముందు చూపిస్తే పదకొండు మంది బంధువులు ఎగిరిపోయారు. పెళ్లికొడుకు పేరు కూడా పోయిందని గిట్టనివాళ్లంటారు.

నేను చేరిన మూడోరోజు ప్రిన్సిపాల్‌గారు ఒక ఫారం ఇచ్చారు. పైన "కొత్త ఉపాధ్యాయుల వృత్తి వికాస లక్ష్యాలు" అని ఉంది. కింద పదిహేను ఖాళీ గీతలు. ఏడాది చివర కమిటీ కూర్చుని, ఎన్ని సాధించామో చూసి ఉద్యోగం ఖాయం చేస్తుందట. మధ్యలో పాఠాలు ఎప్పుడు చెప్పాలో మాత్రం ఫారంలో లేదు.

నేనూ, నాతోపాటే చేరిన కుర్ర లెక్కల మాస్టారూ పోటీపడి నింపాం. ఆయన పదిహేనూ నింపి, కాగితం తిరగేసి ఇంకో మూడు రాశాడు. నేను వినయం కొద్దీ పదిహేనుతో ఆగాను.

"పెద్దావిడకి ఒకసారి చూపించండి" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"నా భవిష్యత్తుని ఆ పెన్సిల్ కింద పెట్టనండీ" అంటూ లెక్కల మాస్టారు తప్పించుకున్నాడు. నాకంత తెలివి లేదు, వెళ్లాను.

"'ప్రతి విద్యార్థిలో విజ్ఞాన జ్యోతి వెలిగించెదను.' మీ క్లాసులో ఎంతమందమ్మాయ్?"

"నలభై ఆరుగురు మేడమ్."

"నలభై ఆరు జ్యోతులా? ఆ గదిలో ఫ్యాన్ కూడా తిరగదు. పొగకి చస్తారు." గీత.

"'ఆధునిక బోధనా పద్ధతులు అవలంబించెదను.' అంటే ఏవి?"

"అంటే... ఆధునికమైనవి మేడమ్."

గీత.

"'నిరంతరం ఆత్మపరిశీలన చేసుకొనెదను.' అన్నం తినేటప్పుడు కూడానా?"

చూస్తుండగానే నా భవిష్యత్తంతా గీతల చాపలా తయారైంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇవన్నీ పక్కన పెట్టు. నిన్న క్లాసులో నీకేది చేతకాలేదు?"

"పిల్లల పేర్లు తెలీక అందర్నీ 'ఇదిగో, నిన్నే' అంటున్నాను. గంట కొట్టినా పాఠం తెమలడం లేదు."

"రాయి. నలభై ఆరుగురి పేర్లు నేర్చుకుంటాను. గంట కొట్టేలోపు పాఠం ముగిస్తాను. అయిపోయింది. లే, నా టీ చల్లారిపోతోంది."

నా ఫారం చూసి లెక్కల మాస్టారు, "రెండేనా! నావి ఓ నాలుగు అప్పివ్వనా?" అని జాలిపడ్డాడు.

పేర్లకి రెండు నెలలు పట్టింది. కవల అక్కచెల్లెళ్లు రోజూ చోట్లు మార్చుకుని కూర్చోకపోతే ఇంకా ముందే అయ్యేది. గంటతో సర్దుకోవడానికి ఇంకో నాలుగు నెలలు.

కమిటీ రోజున మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. ఎదురుగా అధ్యక్షులవారు, ప్రిన్సిపాల్‌గారు, టీచర్ల తరఫున కోతల మేడమ్.

"'గణితభయాన్ని సమూలంగా నిర్మూలించెదను' అని రాశారు" అన్నారు అధ్యక్షులవారు. "నిర్మూలించారా?"

"కొంతవరకు నిర్మూలించానండీ" అన్నాడు లెక్కల మాస్టారు.

"ఎంత శాతం?"

లెక్కలు చెప్పే మనిషి శాతం చెప్పలేకపోయాడు. పద్దెనిమిదిలో పదిహేడింటికి ఇదే వరస. అధ్యక్షులవారు కళ్లజోడు తీసి, "ఉద్యోగం ఖాయం చేయడం కష్టమే" అన్నారు.

మేడమ్ ఆ ఫారం లాక్కుని, ముడిలోంచి పెన్సిల్ తీశారు. పదిహేడు గీతలు.

"ఇవి ఈ అబ్బాయి లక్ష్యాలు కావండీ. మీరు పదిహేను ఖాళీలిచ్చారు, భయపడి నింపాడు. 'వెనకబడినవారికి సాయంత్రం మళ్లీ చెప్పెదను.' ఇదొక్కటే ఇతనిది. ఏడాదంతా చెప్పాడు. నేను రోజూ కిటికీలోంచి చూశాను."

"ఫారంలో పదిహేను ఎవరు పెట్టారు?" అని అధ్యక్షులవారు ప్రిన్సిపాల్ వైపు చూశారు. ప్రిన్సిపాల్‌గారు సీలింగు వైపు చూశారు. మాస్టారి ఉద్యోగం ఖాయమైంది. రెండూ సాధించిన నా పని నాలుగు నిమిషాల్లో తెమిలింది.

వారం తర్వాత గుమాస్తా నా ఆర్డరుతోపాటు ఓ కాగితాల బొత్తి ఇచ్చాడు.

"మీ గురించి కోతల మేడమ్ కమిటీకి రాసిన నివేదికండీ. నాలుగు పేజీలు! టైపు చేసేసరికి నా వేళ్లు పడిపోయాయి."

"నాలుగు పేజీలా? ఆవిడా?"

"ఒక్క ముక్క కూడా కొట్టేయనివ్వలేదండీ."

అక్కడే నిలబడి చదివాను. "ఈ అమ్మాయికి ఓర్పు అపారం. గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు" అని రాశారు. ఏడాదంతా నా పక్క గదిలో పాఠం చెప్పిన మనిషి!

ఇంటికెళ్లి అమ్మకి చదివి వినిపించాను. అపారమైన ఓర్పు దగ్గర అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎవరి గురించే ఇది?"

తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, తనే మళ్లీ మొదటినుంచి చదువుకుంది.

ఆ నాలుగు పేజీలు మా బీరువాలో ఉన్నాయి. వాటిలోని అబద్ధాలు ఒక్కొక్కటే నిజం చేసుకుంటూ వస్తున్నాను. ఇది ఆరో ఏడు. ప్రస్తుతం ఓర్పు దగ్గర ఆగాను.