చేతులు తీస్తే అవుట్

గుంతకల్లు రైల్వే కాలనీలో, మా చిన్నప్పుడు... ఒక సినిమా మా మధ్య పెద్ద చిచ్చు పెట్టింది.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన సూపర్ హీరో సినిమా అది. నీలం ముసుగు వేసుకున్న వీరుడు, వాలులో జారిపోతున్న గూడ్సు పెట్టెను రెండు చేతులతో ఆపుతాడు. మొదటి భాగంలో ఆ వేషం ఒకడు కట్టాడు, రెండో భాగంలో ఇంకొకడు. ఇక చూడండి... వేసవి సెలవుల్లో కాలనీ మెట్ల మీద కూర్చుని, బొరుగులు నములుతూ, నేనూ పక్కింటి రఫీ గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లం.

"పాతోడే మేలప్పా. పెట్టె మీదికొస్తాంటే కండ్లల్లో భయం చూపించినాడు. కొత్తోడు పెండ్లికి పోయినట్ల నిలబడుకున్నాడు" అనేవాడు రఫీ.

"అంత బలముండేవోడు భయపడతాడా? భయపడేవోడు హీరో ఎట్లయితాడురా?" అని నేను.

మా చెల్లెలు పద్మకు అప్పుడు ఎనిమిదేళ్లు. నాకు పదకొండు. ఒకరోజు మా మధ్యలో దూరి, "భయపడినా చేతులు తియ్యకుండా నిలబడుకుంటే వాడే హీరో కదన్నా. కావాలంటే నేను చేసి చూపిస్తా" అంది.

"నువ్వు సూపర్ హీరోనా? జడలేసుకోని ముసుగెట్లా పెట్టుకుంటావే?" అని నవ్వాను. ఆ నవ్వుతో దానికి పట్టుదల పెరిగింది.

మా నాయన గూడ్సు గార్డు. యార్డులోకి పోతే కాళ్లు విరగ్గొడతానని రోజూ చెప్పేవాడు. కానీ మేము రైల్వే పిల్లలం... మాకు తెలియందేముందని పొగరు. ఇంజన్ లేని పెట్టె కదలదు, ఇదీ మాకు తెలిసిన శాస్త్రం. యార్డు మూలన ఒక లైను ఇసుక దిబ్బ దగ్గర ముగిసిపోయేది. ఆ రోజు ముగ్గురం అక్కడికే పోయాం. ఆ లైనులో ఖాళీ పెట్టెలు వరుసగా నిలబడి ఉన్నాయి. మా వైపు కొసన ఇంజన్ లేదు. అవతలి కొస మలుపు తిరిగి కంపచెట్ల వెనక ఎక్కడో ఉంది. అక్కడిదాకా పోయి చూసి రావాలని ఒక్కరికీ తోచలేదు.

పద్మ పట్టాల మధ్యకు పోయి, దిబ్బ వైపు వీపు పెట్టి, చివరి పెట్టె ఇనుప దూలానికి రెండు చేతులూ ఆనించింది. నేనూ రఫీ పట్టాల పక్కనున్న కంకర మీద కూర్చున్నాం, మార్కులు వేసే పెద్దమనుషుల్లాగా.

"చేతులు తీస్తే అవుట్. నేను చెప్పేదాకా తియ్యకూడదు" అన్నాను. ఆ నియమం పెట్టింది నేనే.

మొదటిసారి దానికి నవ్వొచ్చింది. రెండోసారి కళ్లు పెద్దవి చేసి పళ్లు బిగించింది. "అది భయం కాదు పాపా, కడుపునొప్పి" అన్నాడు రఫీ. పద్మ ముక్కు ఎర్రబడింది. లంగాకు చేతులు తుడుచుకుని మూడోసారి నిలబడింది.

దూరంగా ఎక్కడో టక్... టక్... టక్... అని చప్పుడు మొదలై, ఒక్కో పెట్టె దాటుతూ మా వైపు వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుళ్లలోనే నిద్రపోయాం మేము. చెవిన పడింది గానీ పట్టించుకోలేదు.

అప్పుడు పద్మ ముఖం మారింది. పెదాలు తెల్లబడ్డాయి. కళ్లు నా మీదే నిలిచిపోయాయి.

"అబ్బ! యాక్షనంటే ఇదిరా!" అని నేను చప్పట్లు కొట్టాను.

ఒక అడుగు వెనక్కు వేసింది. ఇంకో అడుగు. చేతులు మాత్రం తీయలేదు. అది కూడా నటనే అనుకుని ఇంకా గట్టిగా కొట్టాను...

"రేయ్! చక్రం తిరుగుతాండాది రా!" అని అరిచాడు రఫీ.

చప్పట్లు ఆపాను. చేతులు తీయమని ఒక్క మాట అంటే చాలు... అది నా నోట్లో నుంచి రాలేదు. రఫీ ఎగిరి దాని భుజం పట్టి లాగాడు. ఇద్దరూ కంకర మీద పడ్డారు. పెట్టె, పద్మ నిలబడిన చోటు మీదుగా, పెద్దగా చప్పుడే లేకుండా పోయి, ఇసుక దిబ్బకు జానెడు దూరంలో ఆగింది. అవతలి కొసకు ఇంజన్ తగిలించి, వరుసనంతా ఇటు నెడుతున్నారు. ఇంజన్లో ఉన్నవాళ్లకు మేము కనబడే దారే లేదు.

దూరం నుంచి జెండా పట్టుకున్న మనిషి "ఎవురి పిల్లోళ్లురా మీరు!" అని కేకేసేసరికి పరుగెత్తాం.

ఇంటి వెనక కొళాయి దగ్గర దాని మోకాళ్ల మీది రక్తం కడిగాను. అరచేతులనిండా నల్లటి జిడ్డు. ఎక్కిళ్ల మధ్య అడిగింది...

"అన్నా... ఈతూరి బాగా చేసినానా?"

నేను ఇసుక తీసుకుని ఆ జిడ్డు రుద్దసాగాను. నాయనకు చెప్పకూడదని ముగ్గురం ఒట్టు వేసుకున్నాం. ఆ తర్వాత చాలా ఏళ్లు, యార్డులో పెట్టెలు తగులుకునే చప్పుడు వినబడితే చాలు, పద్మ ఎక్కడుందో చూసి వచ్చేవాణ్ని.

ఇప్పుడు మా పిల్లలు సూపర్ హీరోల గురించి ఫోనులోనే కొట్లాడుకుంటారు. వీడు సరిపోలేదు, వాడికి ముఖంలో భయమే రాలేదు అని... కూర్చున్న చోటు నుంచి లేవరు. మన ఆటల్లాంటివి వీళ్లకు లేవే అని అందరూ బాధపడతారు. నేను మాత్రం లోపల దండం పెట్టుకుంటాను.

పద్మా, ఇది చదివితే కోప్పడకు. ఆ రోజు నువ్వు నటించలేదు. చేతులు తీయమని నేను చెబుతానేమోనని నా వైపే చూశావు. చప్పట్లు కొట్టాను.

మీ మాట నమ్మి అలా నిలబడిపోయిన తమ్ముడో, చెల్లెలో మీకూ ఉన్నారా? ఉంటే కింద రాయండి... నేనొక్కణ్నే కాదని తెలిస్తే కొంచెం ధైర్యంగా ఉంటుంది.