లాండ్రీ శేషుకుమారి, పేరు లేని గౌను

రెండో ప్రపంచ యుద్ధం పంతొమ్మిది వందల నలభై అయిదులో ముగిసిందని పుస్తకాల్లో రాస్తారు. తప్పు. అది ముగిసింది నిరుడు ఏప్రిల్‌లో, ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊరి వృద్ధాశ్రమం లాండ్రీ గదిలో, మధ్యాహ్నం మూడున్నరకి. ముగించింది సామర్లకోట ఆడపడుచు, ప్రైవేటు డిటెక్టివు శేషుకుమారి.

సరే, యుద్ధమంతా కాదు. ఒక ఇంట్లో తెగకుండా మిగిలిపోయిన ముక్క. ప్రైవేటు డిటెక్టివు అన్నది కూడా కాస్త సాగదీసిన మాటే. ఆవిడకున్న లైసెన్సల్లా కారుది, అదీ గేర్లు లేని కారుది. మూడున్నర మాత్రం నిఖార్సైన నిజం. గోడ గడియారమే సాక్షి, పది నిమిషాలు ముందు నడిచినా.

శేషుకుమారికి యాభై తొమ్మిదేళ్లు. ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరైన కూతురు తేజస్విని పురిటికి వచ్చింది. మనవడు బడిలో చేరాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక ఈ లాండ్రీ పనిలో కుదురుకుంది. టూవూంబా కొండమీది ఊరు. పొద్దున్నే పొగమంచు వచ్చి కిటికీ అద్దాలకు ఆనుకుని నిలబడుతుంది. లోపల డ్రయ్యర్ల ఆవిరి. బయటా తెలుపు, లోపలా తెలుపు. వెచ్చటి దుప్పట్లు మడతపెడుతుంటే చేతులు ఇక్కడుంటాయి గానీ మనిషి ఎప్పుడో సామర్లకోట స్టేషన్ రోడ్డులో తండ్రి దర్జీ కొట్టుకి వెళ్లిపోయి ఉంటుంది. అక్కడ కుట్టుమిషను ఇంకా ఆడుతూనే ఉంటుంది.

ఆ కొట్టులో నేర్చిన చూపే ఆవిడ చదువు. జత తప్పిన మేజోడు ఎవరిదో చెబుతుంది. కాలరు అరుగుదల చూసి, ఈ చొక్కాయన రోజంతా కిటికీవైపే తిరిగి కూర్చుంటాడంటుంది. డిటెక్టివు అన్న పేరు పెట్టింది ఆశ్రమంలో తనతో పనిచేసే హైదరాబాదు నర్సు జమీలా.

ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాళ్ల ప్రతి బట్టకీ పేరున్న చిన్న పట్టీ ఇస్త్రీ పెట్టి అతికించాలి. ఏప్రిల్‌లో జాయిస్ అనే ఎనభై ఒక్కేళ్ల ఆవిడ చేరింది. ఆవిడ పెట్టె అడుగున పల్చటి కాగితంలో చుట్టిన పసిపిల్ల గౌను కనిపించింది. తెల్లటి నూలు గౌను. అంచు లోపలివైపు వేలిముద్రంత పసుపుపచ్చ మరక.

శేషుకుమారి దాన్ని పట్టుకుని జాయిస్ గదికి వెళ్లింది. "దీనికి ఎవరి పేరు వెయ్యమంటారు?"

"ఎనభై ఏళ్లుగా నేనడిగేదీ అదే, లవ్," అంది జాయిస్. ఇక్కడి పెద్దవాళ్లకి అందరూ 'లవ్'లే, మన 'అమ్మాయ్' లాగ.

జాయిస్ పుట్టేటప్పటికే ఆవిడ తండ్రి విమానదళంతో ఇండియా వెళ్లిపోయాడు. నలభై ఆరులో తిరిగొచ్చి ఈ గౌను తీశాడు. "పాపాయికి కొత్తగా కుట్టించాను" అన్నాడు. తల్లి మరక చూసింది. కొత్త గౌనుకి మరకేమిటి? ఏ పసిదాని ఒంటిమీంచి విప్పుకొచ్చావు? అక్కడ నీకెవరున్నారు? మరక ఎలా వచ్చిందో ఆయనకీ తెలియదు. ఆ గొడవ ముదిరి ఇల్లు వదిలి పడమటి ఊళ్లలో రైల్వే పనికి పోయాడు, జాయిస్ పదకొండో ఏట అక్కడే చనిపోయాడు.

"వచ్చే శుక్రవారం సైనికుల స్మారక దినం. పిల్లలు తండ్రుల పతకాలు కుడిపక్కన పెట్టుకుని తెల్లవారుజాము సభకి వెళతారు. నేను ఒక్కసారీ పెట్టుకోలేదు. అబద్ధాలకోరు పతకాలు నాకెందుకు? ఈసారి కూడా పెట్టుకోకపోతే ఇక లేనట్టే. డాక్టరు ఇంకో ఏప్రిల్ గురించి మాట్లాడడం మానేశాడు."

జమీలా గుమ్మంలోంచి విని కంగారుపడింది. "శేషక్కా, అండ్ల నువ్వు వేలు పెట్టకు. ప్రైవసీ అని మేనేజర్ వార్నింగ్ లెటర్ ఇస్తది."

"వేలెందుకు పెడతానే? సబ్బు పెడతానంతే."

ఆ మధ్యాహ్నం శేషుకుమారి జాయిస్‌ని చక్రాల కుర్చీలో లాండ్రీకి తీసుకొచ్చింది. జమీలా గుమ్మం దగ్గర కాపలా నిలబడింది. సబ్బునీళ్లు ఒక్క చుక్క మరకమీద వేసింది. పసుపుపచ్చ మరక చూస్తుండగానే ఎర్రబడింది.

"రక్తం!" అంది జాయిస్, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

"కాదండీ, పసుపు. మా వంటింటి పసుపు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది." ఆవిరిలో నిలబడి శేషుకుమారి తన యూనిఫారం అంచు తిరగేసి చూపించింది. అక్కడా అలాంటిదే చిన్న బొట్టు. "మావాళ్లు కొత్తబట్ట తొడిగేముందు మూలన ఇంత పసుపు పెడతారు, మంచి జరగాలని. పాతబట్టకి పెట్టరు. మీ అమ్మగారు మరకన్నది కొత్తదనడానికి గుర్తండీ."

శేషుకుమారి గౌనుని వెలుతురుకి పట్టింది. "కాజాలు చూడండి, బొత్తాం ఒక్కసారీ దూరలేదు. ఇదిగో భుజాల దగ్గర, నడుం దగ్గర, అంచులో కూడా లోపల బోలెడు గుడ్డ వదిలాడు దర్జీ. పిల్ల ఎదురుగా ఉంటే కొలత తీసుకుని కుట్టేవాడు. ఇంత గుడ్డ ఎందుకు వదిలాడు? కొలవడానికి పిల్ల లేదు. మీ నాన్నగారు మిమ్మల్ని అప్పటికి చూడనేలేదు కదండీ. మీరెంత ఉంటారో ఆయనకేం తెలుసు?"

డ్రయ్యరు తిరగడం ఆగింది. గది మెత్తగా, దూది నింపినట్టు, నిశ్శబ్దమైంది. జాయిస్ గౌనుని ఒళ్లోకి తీసుకుని, అంచులో మడిచిన గుడ్డని బొటనవేలితో చాలాసేపు తడిమింది.

"నిజమే చెప్పాడన్నమాట," అంది చివరికి. తరవాత, "పట్టీ వెయ్యి. నా పేరే. ఇది నాకూ మా నాన్నకీ మధ్య సంగతి, లవ్. ఊళ్లో ఎవరికీ చెప్పకు."

"చచ్చినా చెప్పనండి," అంది శేషుకుమారి.

శుక్రవారం తెల్లవారుజామున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, బూర ఊదేవాడు కనపడలేదు, బూర మాత్రం వినపడింది. జాయిస్ కోటుకి కుడిపక్కన మూడు పతకాలు చిన్నగా చప్పుడు చేశాయి. శేషుకుమారి కుర్చీ వెనక నిలబడింది. ఆ మంచులోంచి నీలం యూనిఫారంలో ఒకాయన నడిచొచ్చి జాయిస్ పక్కన నిలబడ్డాడంటే ఎవరూ నమ్మరు కనక ఆ ముక్క వదిలేద్దాం. కానీ జాయిస్ మటుకు పక్కకి కొంచెం చోటిచ్చినట్టు జరిగి కూర్చుంది.

రహస్యం జమీలా దగ్గర నెలరోజులు ఆగింది. మే నెలలో తెలుగువాళ్ల పార్కు భోజనాల్లో సంఘం అధ్యక్షుడు భానుప్రసాద్ శాలువా పట్టుకుని లేచాడు. "మన టూవూంబా డిటెక్టివ్ శేషుకుమారి ఆంటీకి చిన్న సన్మానం! ఆ జాయిస్ గారి గౌను కేసు ఎలా సాల్వ్ చేశారో రెండు ముక్కలు చెప్పండాంటీ!"

శేషుకుమారి పులిహోర పళ్లెంలోంచి తలెత్తింది.

"ఏ జాయిసు బాబూ? ఏ గౌను? మా ఆశ్రమంలో ఆ పేరుగలావిడే లేదు. నేను దుప్పట్లు ఉతుకుతాను, మేజోళ్లు మడుస్తాను, ఇంటికొస్తాను. అసలు కొత్తబట్టలకి పసుపు పెట్టే అలవాటే మా ఇంటా వంటా లేదు. యుద్ధం లాండ్రీలో ముగిసిందంటూ కథలు రాసే పెద్దాయనెవరో పొద్దుపోక అల్లాడు, మీరు నమ్మారు. మొదటినుంచి చివరిదాకా ఒక్క ముక్క నిజం లేదు. ఆ శాలువా తీసుకెళ్లి ఆయనకే కప్పండి."