ఐసు మీద గుమ్మడికాయ

ఆ రోజుల్లో నేను ఐస్ హాకీ ఆడతానని చెబితే ఎదుటివాళ్ల ముఖంలో మొదట జాలి కనబడేది, తర్వాత అనుమానం. హైదరాబాదులో ఐసు అంటే ఫ్రిజ్‌లోదో చెరుకురసం బండి మీదదో తప్ప ఇంకోటి ఉండదని అందరికీ తెలుసు కదా. పైగా నాకు జీతమిచ్చి ఆడించుకున్నది గల్ఫ్‌లో ఒక క్లబ్బు. (ఎడారిలో, మాల్ లోపల, గోడల మధ్య ఐసు. నమ్మమంటే ఎవరు నమ్ముతారు?) సెలవులకు వచ్చినప్పుడు మా పెద్ద మావయ్య నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "ఒరేయ్, అక్కడ నిజంగా ఏం పని చేస్తున్నావో నాకైనా చెప్పు. ఒంటెలు కాస్తున్నా ఫరవాలేదు, సిగ్గుపడకు" అన్నాడు. ఐస్ హాకీయే మావయ్యా అని ఒట్టేశాను. ఆయన నా భుజం తట్టి, "సర్లే, చెప్పొద్దులే" అని లోపలికెళ్లి అత్తయ్య చెవిలో ఏదో ఊదాడు. ఆ పూట నా విస్తట్లో గారెలు ఎక్కువ పడ్డాయి.

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ ఆట తప్ప నాకు ఇంకేమీ చేతకాదు. హఫీజ్‌పేట్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ల మధ్య రోలర్ స్కేట్లు నేర్చుకున్నాను. అక్కణ్ణుంచి లదాఖ్‌లో ఐస్ హాకీ క్యాంపులు, అక్కణ్ణుంచి గల్ఫ్. బాగానే ఆడుతున్నానని నేను అనుకోవడం మొదలుపెట్టిన ఏడాదే, నాకు రెండింతలున్న ఒక ఆటగాడు వచ్చి నా మోకాలి మీద పడ్డాడు. డాక్టరు ఫిల్ము చూసి, "మోకాలు ఉంటుంది, ఆట ఉండదు" అన్నాడు. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న మా నాన్న కంటే ముందు నేను రిటైరై ఇంటికొచ్చాను. నాన్న తిట్టలేదు. కాసేపు పేపరు తిరగేసి, "పెన్షనేమైనా ఇస్తారా?" అని మాత్రం అడిగారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

అప్పుడు దొరికింది మాదాపూర్‌లో కోచ్ ఉద్యోగం. రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. ఆ దుమ్ములో ఒక మాల్, దాని పై అంతస్తులో ఒక ఐస్ రింకు. పెద్దదేం కాదు, ఓ మాదిరి కల్యాణమండపమంత. పగలు పిల్లలు జారేవారు, సాయంత్రం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మెడలో ఐడీ కార్డులతోనే వచ్చి హాకీ నేర్చుకునేవారు. వాళ్లు మంచివాళ్లే. కాకపోతే పక్ (అంటే మేము కర్రలతో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ) ఎవరి దగ్గరికొచ్చినా, క్షణం ఆలస్యం లేకుండా పక్కవాడికి అసైన్ చేసేసేవారు. గోలు మాత్రం ఎవడూ కొట్టేవాడు కాదు, ఎందుకంటే తర్వాత దానికి జవాబు చెప్పుకోవాలి. అయినా నాకు ఆ సాయంత్రాలు ప్రాణం. కుంటుతూ మెట్లెక్కేవాణ్ణి, స్కేట్లు కట్టుకుంటే కుంటు కనబడేది కాదు. ఐసు మీద ఉన్నంతసేపూ నేను ఇంకా ఆటగాణ్ణే.

రింకు యజమానిని అందరూ చైర్మన్ గారు అనేవారు. భీమవరం వైపు మనిషి, మాట తీయన. ఒక రోజు నన్ను పిలిచి, "కోచ్ గారూ, మీ ఐసు నాకు నిద్ర పట్టనివ్వట్లేదండి. కరెంటు తాగేస్తోంది. దసరా మర్నాడు మా పార్ట్‌నర్లు వస్తున్నారు. ఒక మ్యాచ్ ఆడి చూపించండి. వాళ్లకి నచ్చిందా, ఐసు ఉంటుంది. నచ్చలేదా, మిషన్ ఆపేసి ఇంకేదైనా పెట్టుకుంటాం. ఏమీ అనుకోకండేం" అన్నారు. అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ ఐసు పోతే ఈ నగరంలో నేను ఎవణ్ణి? కుంటికాలితో ఒక నిరుద్యోగిని. అప్పట్నుంచి కుర్రాళ్లను రోజూ రుద్దాను. పది పాసుల్లో రెండు సరిగ్గా వెళ్లే స్థాయికి తెచ్చాను కూడా.

దసరా రోజు ఐసు మిషన్ చూసుకునే కంప్రెసర్ అన్న పసుపు కుంకుమలు తెచ్చాడు. అన్న ఊరు కొండాపూర్. "మిషన్‌కు పూజ చేయకుంటే అది పరేషాన్ చేస్తది సార్. రేపు గంత పెద్ద మంది వస్తున్నరు, ఒట్టిగ షురూ చేస్తమా ఏంది?" అన్నాడు. కంప్రెసర్‌కు బొట్లు పెట్టాం, హాకీ కర్రలకు పెట్టాం, హెల్మెట్లకు పెట్టాం. ఇక బూడిద గుమ్మడికాయ మిగిలింది. గుమ్మంలో కొడదామన్నాను. చైర్మన్ గారు ఒప్పుకోలేదు. "దిష్టి తగిలింది ఐసుకండి. గుమ్మంలో కొడితే ఏం లాభం? మధ్యలోకెళ్లి కొట్టండి." మధ్యలోకి పడకుండా వెళ్లగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి ఆ భాగ్యం నాకే దక్కింది. తొర్ర చేసి కుంకుమ పోసిన గుమ్మడికాయ, దాని మీద వెలుగుతున్న కర్పూరం, నెత్తిన హెల్మెట్. ఆ వేషంలో ఐసు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. (గల్ఫ్‌లో నా కోచ్ చూసి ఉంటే ఆయనకూ ఒంటెల అనుమానమే వచ్చేది.) సరిగ్గా నడిమధ్య ఎత్తి కొట్టాను. బ్రహ్మాండంగా పగిలింది. అందరూ దండం పెట్టుకున్నారు.

పెద్ద ముక్కలు ఏరేశాం. ఎర్రటి మరక పోలేదు. రోజూ ఐసు నునుపు చేయడానికి వేడినీళ్ల డ్రమ్ముకు గుడ్డ కట్టి లాగేవాళ్లం. అలాగే మధ్యలో నాలుగుసార్లు లాగించాం. వేడినీళ్లకు పై ఐసు కరిగింది, గుజ్జూ గింజలూ హాయిగా అందులోకి దిగాయి, తెల్లారేసరికి మళ్లీ గడ్డకట్టాయి. పొద్దున వచ్చి చూద్దును కదా, నడిమధ్య పెళ్లిలో పారాణిలాగా ఎర్రటి చక్రం, దాని నిండా గింజలు, సగం లోపల, సగం బయట! ఫుడ్ కోర్టు దోసెల బండి నుంచి అట్లకాడ తెచ్చి గీకాం. గింజ రాలేదు, గుంట పడింది. "ఫికర్ చేయకుండ్రి సార్, నడుమకు పోకుండ ఆడుండ్రి" అన్నాడు అన్న. ఐస్ హాకీలో ఆట మొదలయ్యేదే నడుమ. ఆ మాట అన్నకు చెప్పే ఓపిక కూడా లేక బెంచీ మీద కూలబడ్డాను.

పార్ట్‌నర్లు వచ్చారు. మా నాన్న కూడా వచ్చారు, నేను పిలవకుండానే, మంకీ క్యాపు, శాలువాతో. నా ఆట ఆయన ఎన్నడూ చూడలేదు. ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. విజిలేశాను. మొదటి కుర్రాడు గింజల మీద స్కేటు పెట్టి వెల్లకిలా పడ్డాడు. వాణ్ణి లేపబోయినవాడు వాడి మీద పడ్డాడు. పక్ గింజకు తగిలి కప్పలాగా ఎగిరి గోల్‌కీపర్ పక్కనుంచి వలలో పడింది. గోలు కొట్టింది ఎవరో ఎవరికీ తెలియదు. పరువు దక్కించుకుందామని కర్ర పట్టుకుని నేనే దిగాను. నాలుగడుగులు నిజంగా బాగా వెళ్లాను. ఐదో అడుగు గుంటలో పడి, బోర్లా జారుతూ జారుతూ వెళ్లి పార్ట్‌నర్ల ముందున్న చెక్కగోడను తలతో గుద్దాను.

హాలంతా చప్పట్లు! పార్ట్‌నర్లు లేచి నిలబడ్డారు, ఒకాయన కళ్లనీళ్లు తుడుచుకుంటున్నారు. హమ్మయ్య, ఆట నచ్చింది, ఐసు నిలిచింది అనుకున్నాను. హెల్మెట్ తీసి, నొప్పి మోకాలిని వంచి మరీ వాళ్లకు వంగి నమస్కారం పెట్టాను. ఒకసారి చాలదన్నట్టు మూడు వైపులా తిరిగి పెట్టాను. నాన్న గోడ దగ్గరికొచ్చారు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "అందరికంటే నువ్వే బాగా పడ్డావురా" అన్నారు. తలూపాను.

వారం తిరిగేసరికి చైర్మన్ గారు పిలిచారు. "మావాళ్లకి ఎంత నచ్చిందనుకున్నారండీ! అన్నింటికంటే ఆ పడటం నచ్చింది. జనం పడటానికే వస్తారట. దానికి ఐసెందుకు, కరెంటెందుకు? ట్రాంపొలీన్లు పెట్టేస్తున్నాం. పిల్లలు ఎగరటం, పడటం. మీరు కూడా ఉండిపోవచ్చండి, టీషర్టు ఇస్తారు." నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. థాంక్సండీ అనే చెప్పి ఉంటాను, అలాంటప్పుడు నా నోటికి అదే వస్తుంది.

మిషన్ ఆపిన రోజు వెళ్లాను. ఐసు ఒక్కసారిగా పోదు. ముందు చెమట పడుతుంది, తర్వాత అంచులు వదులుతుంది. మర్నాడు మళ్లీ వెళ్లేసరికి అంతా నీళ్లే. ప్యాంటు మడుచుకుని చెప్పులతో మధ్యకు నడిచాను. ఐసు లేనిచోట నా కుంటు నాకే స్పష్టంగా కనబడింది. ఎంతసేపు నిలబడ్డానో, కంప్రెసర్ అన్న వైపరు పట్టుకుని వచ్చి, నా వైపు చూడకుండా, "సార్, జర పక్కకు జరుగుండ్రి. తుడవాలె" అన్నాడు. జరిగాను. ఇక మళ్లీ ఐసు మీద కాలు పెట్టలేదు.

ఇప్పుడు బాచుపల్లిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ కోర్టులో పిల్లలకు చక్రాల స్కేట్లు నేర్పుతున్నాను. బతుకు గడుస్తోంది. నాన్న రిటైరయ్యారు. ఎవరైనా ఇంటికొస్తే, "మావాడి ఆట నేను కళ్లారా చూశాను, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు" అని చెబుతారు. ఆయన చూసింది ఆ ఒక్క ఆటే. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. అక్కడ నిలబడి ఉంటే ఆ రోజు హెల్మెట్ చంకలో పెట్టుకుని నడుము వంచిన కుర్రాడు కళ్ల ముందుకొస్తాడు. నిజం తెలియడానికి వాడికింకా వారం గడువుంది. వాడి భుజం తట్టి చెప్పేద్దామని ఎప్పుడూ అనిపించదు. ఒరేయ్ నాయనా, ఇంకాస్సేపు అలాగే వంగి ఉండు అనుకుని, నాలో నేనే నవ్వుకుని, నాన్నకు కాఫీ కలిపి పట్టుకెళతాను.