గోటి గీతలు

మా సపోటా కాయ మీద మొదటి గోటి గీత చూసిన పొద్దున నేను పనికి ఆలస్యంగా పోయాను. కల్లూరు నుంచి కర్నూలుకు పోయే షేర్ ఆటో ఇంటి ముందర ఆగి హారన్ కొడుతూనే ఉంది. నేను మాత్రం కాయను అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాను. మట్టిరంగు తోలు మీద సన్నగా, అడ్డంగా ఒక గీత. అందులోంచి పాలు కారి నల్లగా ఎండిపోయాయి. ఉడత అయితే కొరికి ఉండాలి. గబ్బిలం అయితే సగం తిని పడేసి ఉండాలి. ఇది మనిషి గోరు.

సపోటాతో ఉన్న చిక్కే అది. మామిడికాయ రంగు మారి చెబుతుంది, జామకాయ వాసనతో చెబుతుంది. సపోటా లేతగా ఉన్నప్పుడూ అదే రంగు, ముదిరినా అదే రంగు. అందుకే తెలిసినవాళ్లు బొటనవేలి గోటితో పైపొట్టు కొంచెం గీకి చూస్తారు. కింద పచ్చగా ఉంటే లేత కాయ, వదిలేయాలి. పసుపు తిరిగి ఉంటే ముదిరినట్టు, కోసి బియ్యంలో మాగబెట్టొచ్చు. లేత కాయను గీకితే మాత్రం ఆ మచ్చ ఇక పోదు.

ఒక్క మచ్చకు నేనంతగా మండిపడడానికి కారణం ఉంది. ఆ చెట్టుకు అది మొదటి కాపు. మా అత్త ఆత్మకూరు దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆ పల్లెలో మా వాళ్లు, ఎంత చిన్న చేను ఉన్నవాళ్లయినా, కోతపండగ రోజు మొదటి జొన్నకంకులు గుడిలో పెట్టాకే ఇంట్లో రొట్టె కాల్చుకునేవాళ్లట. గుడి అంటే మాకు చర్చి. కల్లూరులో మాకు చేను లేదు. ఇల్లు కట్టగా మిగిలిన కాస్త నేల ఉంది, అందులో ఈ సపోటా ఉంది. అత్తకు అదే చేను. "మొదటి కాయలు దేవునివి. మచ్చ ఉండేటివి ఈయకూడదు," అని మొక్క నాటిన రోజే తేల్చి చెప్పింది. అప్పటినుంచి ఆమె ఎదురు చూసింది ఆ ఒక్క బుట్ట కోసమే.

ఆ చెట్టును బతికించడం తేలిక కాలేదు. మాది మొరం నేల. గుంత తవ్వి, ఎర్రమట్టి తెప్పించి, పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపాం. ఎండాకాలమంతా నా పాత చీరలు పందిరిగా కట్టాం. మొదట వచ్చిన పూతను గిల్లేయమని నర్సరీ ఆయన చెప్పినప్పుడు నాకు అక్కడే అనుమానం వచ్చింది, కాయలు కాయని మొక్కను అంటగట్టి రోజులు గడుపుతున్నాడేమోనని. అత్త మాత్రం ఆయన మాట విని గిల్లేసింది. మా బోరు ఎండిపోయాక నీళ్లు పక్కింటి నుంచే వచ్చాయి. పక్కింటామెను వీధిలో అందరూ ఆపా, అంటే అక్క, అనే పిలుస్తారు. ఆమె బట్టలు ఉతికే బండ మా కాంపౌండు గోడను ఆనుకుని ఉండేది. గోడ అడుగున ఒక ఇటుక తీసేస్తే, ఆమె జాడించిన నీళ్లు నేరుగా మా చెట్టు పాదులోకి వచ్చేవి. చెట్టు మాది, నీళ్లు ఆమెవి.

నేను అనుమానపు మనిషిని. ఇది ఎవరో అన్న మాట కాదు, నేనే ఒప్పుకుంటాను. లారీ తోలే మా ఆయన వారానికోసారి ఇంటికి వచ్చి, "పాలు పోసే ఆయప్ప నవ్వినా నీళ్లు కలిపినాడనుకుంటావు గదే నువ్వు," అని ఎగతాళి చేస్తాడు. కలపకపోతే ఎందుకు నవ్వుతాడు అని నా ప్రశ్న.

కాబట్టి గీతల సంగతి అంత తేలిగ్గా వదల్లేదు. వారం తిరిగేసరికి ఇంకొన్ని కాయల మీద గీతలు పడ్డాయి, ఒక్కో కాయకు ఒక్కోటి. అన్నీ గోడవైపు కొమ్మలకే. అత్తను అడిగాను.

"గబ్బిలం గోరేమో లే," అంది, బియ్యం చేటలో వేళ్లు ఆడిస్తూ.

"గబ్బిలం ఇంత నీటుగా గీకుతుందా అత్తా?"

"నాకేం తెలుసు మే. నేను గబ్బిలాన్నా?"

ఆ జవాబు నాకు నచ్చలేదు. దేవుని కాయల మీద మచ్చ పడితే వీధి వీధంతా వినబడేలా అరవాల్సిన మనిషి, బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. పైగా ఆ మధ్య ఆమె నాతో మామూలుగా లేదు. నేను గేటు తీసుకుని ఎదురుగా వస్తున్నా పలకరించేది కాదు, నేను నోరు విప్పితేనే "వచ్చినావా" అనేది. కూరలో ఉప్పు కొలత లేకుండా పోసేది. కావాలని చేస్తోందనుకున్నాను. ఇంకో విషయం కూడా ఉంది. మా గుడిలో ఆడవాళ్ల కూటానికి వాక్యం చదివేది ఆమే. అంతకుముందు వారానికో భాగం చదివే మనిషి, కొన్ని నెలలుగా అవే రెండు మూడు కీర్తనలు తిప్పి తిప్పి చదువుతోంది. వాటిలో ఒకటి శత్రువుల గురించి. అది చదివేటప్పుడల్లా తల ఎత్తి నావైపే చూసేది. నన్ను ఉద్దేశించే చదువుతోందని నాకు గట్టి నమ్మకం.

ఒక ఆదివారం సాయంత్రం పెరట్లోకి పోతుంటే గోడ మీదుగా ఒక చెయ్యి కనబడింది. ఆకుపచ్చ గాజులు, వేళ్లకు గోరింటాకు. ఆ చెయ్యి మా కొమ్మను వంచి పట్టుకుని ఉంది. గోడకు ఇవతల మా అత్త నిలబడి ఉంది. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నా చెప్పుల చప్పుడుకు మాట ఆగింది, కొమ్మ పైకి లేచింది, చెయ్యి గోడ వెనక్కి పోయింది. "ఏం మాట్లాడుతాండారు?" అని అడిగితే, "ఏముండాది, ఎండల గురించి," అంది అత్త. కొత్తగా ఎండలేం వచ్చాయి మాకు?

దొంగ దొరికింది. మా అత్త వెనకేసుకొస్తోందని కూడా తెలిసింది. ఎందుకన్నదొక్కటే తెలియలేదు.

మరుసటి రోజు ఆపా బట్టలు ఉతుకుతుంటే గోడ దగ్గరికి పోయి, ఊరికే అన్నట్టు అన్నాను. "ఎవురో గోర్లు బాగా పెంచుకుండారు ఆపా. అరగదీసుకునేకి మా చెట్టే దొరికింది."

ఆమె చేతిలో చీర పిండడం ఆపి తన వేళ్ల వైపు చూసుకుంది. నోరు తెరిచి ఏదో చెప్పబోయి, మా ఇంటి తలుపు వైపు చూసి ఆగిపోయింది. "అట్లనా అమ్మా," అంది అంతే. ఆ వారంలోనే ఉతికే బండ అవతలి వైపుకు మారింది. గోడ కింది కంత ఎండిపోయింది. మా చెట్టు పాదు నెర్రెలు విచ్చింది. నేను తాగే నీళ్లలోంచి బిందె తీసుకుపోయి పోస్తుంటే అత్త వసారాలో కూర్చుని వినేది. నాకు లోపల కొంచెం గుబులుగానే ఉంది గానీ, పోనీలే, గీతలైనా ఆగుతాయి అనుకున్నాను.

గీతలు ఆగలేదు. ఎక్కువయ్యాయి.

అదీ మామూలుగా కాదు. ముందు కాయకు ఒక గీత ఉండేది. ఇప్పుడు ఒక్కో కాయ మీద నాలుగు, అయిదు, పక్కపక్కనే. ఆపా గోడ దగ్గరికి రావడమే మానేసింది. కాయలు మాత్రం పసిబిడ్డ గోళ్లకు దొరికిన మొహంలా తయారయ్యాయి. ఆటోలో కూర్చుని దాని గురించే ఆలోచించాను. కళ్లున్న మనిషి ఒకసారి గీకితే రంగు కనబడుతుంది, వదిలేస్తాడు. అదే కాయను మళ్లీ మళ్లీ గీకాల్సిన అవసరం ఎవరికుంటుంది? అక్కడ నా ఆలోచన ఎందుకో ముందుకు పోలేదు. పోనివ్వలేదేమో.

కోతపండగ దగ్గర పడింది. ఒక రోజు మధ్యాహ్నం సెలవు అడిగి, చెప్పకుండా ఇంటికి వచ్చాను. గేటు చప్పుడు కాకుండా తీసి, చెప్పులు వాకిట్లోనే విడిచి, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి పోయాను.

అత్త చెట్టు కింద నిలబడి ఉంది. ఒక చేత్తో కొమ్మ వంచి, ఇంకో చేత్తో కాయను తడిమి, బొటనవేలి గోటితో గీకింది. కాయను ముక్కుకు ఆనేంత దగ్గరికి తెచ్చుకుంది. తల పక్కకు వంచి ఎండ వైపు తిప్పుకుంది. మళ్లీ గీకింది. మళ్లీ చూసింది.

నా కాలి కింద ఎండుటాకు నలిగింది. ఆమె తిరగలేదు.

"వచ్చినావా ఆపా? రా. మా కోడలు మాటకు అలిగినావని అనుకుంటాండా. అది అట్లనే మాట్లాడతాది, కడుపులో ఏం పెట్టుకోదు. ఈ కాయ కొంచెం సూడు. కింద పచ్చగుండాదా, పసుపు తిరిగిందా? నాకు రెండూ ఒకటే మాదిరి కనపడతాండాయి."

నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నేను ఎవరో ఆమెకు తెలియలేదు. గేటు దగ్గర పలకరించకపోవడం, ఉప్పు, ఒకటే కీర్తన, అన్నీ ఒక్కసారిగా వచ్చి ముందర నిలబడ్డాయి. దగ్గరికి పోయి కాయ పట్టుకున్నాను.

"పచ్చగానే ఉండాది అత్తా," అన్నాను. "ఇంకా ముదరల్ల."

ఆమె చెయ్యి కొమ్మ మీదే బిగుసుకుపోయింది. "నువ్వా," అంది.

"నేనే. ఎన్ని దినాల నుంచి ఇట్ల ఉండాది?"

"పోయిన కోతపండగ నుంచి. మొదల్లో మసక. ఇప్పుడు మనుషులు గూడ నీడల మాదిరే." కొమ్మ వదిలి గోడకు ఆనుకుంది. "గుళ్లో చెప్పద్దు మే. చూపు లేదంటే వాక్యం సదవనియ్యరు. నోటికి వచ్చిండేటివే పుస్తకం పట్టుకుని సదువుతాండా."

"ఆ శత్రువుల కీర్తన నాకోసం కాదా అయితే?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా. పండగ కాగానే కర్నూలు కంటి ఆసుపత్రికి పోవాలని అక్కడే చెట్టు కిందే ఒప్పించాను.

అంత జరిగినా నా అనుమానం తప్పని నేను అనను. ఆ పెరట్లో ఎవరో ఏదో దాస్తున్నారన్నది నిజమే. ఎవరన్నదే తేడా వచ్చింది. సాయంత్రం ఆపా ఇంటికి పోయాను. "నేను అంత మాటన్నా, అత్త చూపు సంగతి ఎందుకు చెప్పలేదు ఆపా?" అంటే, "మీ అత్త మాట తీసుకునింది గదమ్మా," అంది. ఆమె ఇంకేమీ అడగలేదు, నన్ను క్షమించినట్టూ మాట్లాడలేదు. బండ మాత్రం ఇద్దరం కలిసి దొర్లించి మళ్లీ గోడ దగ్గర వేశాం.

పండగ ముందు రోజు అత్త ఒళ్లో బుట్ట పెట్టుకుని కోసిన కాయలన్నీ తడిమింది. ఆమె బొటనవేలు ప్రతి కాయ మీదా గీత దగ్గర ఆగింది. "మచ్చ లేంది ఒకటీ లేదా?" అని అడిగింది. తన గోరే అంత పని చేసిందని ఆమెకు తెలుసు. ఆ మొహం నేను చూడలేకపోయాను.

ఒకటి ఉందని చెప్పింది ఆపానే. చిటారు కొమ్మకు, మాకెవరికీ అందని ఎత్తులో, వాళ్ల మిద్దె వైపు వాలి ఉంది. మిద్దె ఎక్కి, కర్రతో కొమ్మను లాగి, తుంచి గోడ మీదుగా నా చేతిలో పెట్టింది. నున్నగా ఉంది. ఎక్కడా గీత లేదు. ముదిరిందో లేదో చెప్పేవాళ్లు కూడా లేరు.

మరుసటి రోజు గుడిలో అత్త అందరి ముందరా నా చెయ్యి పట్టుకుని నడిచింది, మొదటిసారి. బల్ల దగ్గరికి చేరాక నా చెవి దగ్గర మెల్లగా అడిగింది. "గీకి చూస్తివా?"

"లేదత్తా."

"ఊరికే నమ్ముతాండావా, నువ్వు?"

నా బొటనవేలు కాయ మీదే ఉంది. దాన్ని పిడికిట్లోకి మడిచి, కాయను అలాగే బల్ల మీద పెట్టేశాను.